హాలు, పాలు, నెరో: భాషల చుట్టరికం గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. కోడలు పాలను ‘హాలు’ అంటుంది, పులిని ‘హులి’ అంటుంది, చెవిని ‘కివి’ అంటుంది. కన్నడం తెలుగులోంచి పుట్టిందా, తెలుగే కన్నడంలోంచి పుట్టిందా, లేక చిన్నప్పుడు మాకు చెప్పినట్లు రెండూ సంస్కృతంలోంచే వచ్చాయా? భాషల చుట్టరికాన్ని మొదట కనిపెట్టింది విలియం జోన్స్ అన్న మాట నిజమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతానమ్మా. కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం జోన్స్ 1786 ఫిబ్రవరి 2న ఆసియాటిక్ సొసైటీలో ప్రసంగిస్తూ, సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ధాతువుల్లోనూ వ్యాకరణ రూపాల్లోనూ ఉన్న పోలిక కాకతాళీయం కాజాలదనీ, ఇవన్నీ బహుశా ఇప్పుడు మిగిలి లేని ఒక మూలభాష నుంచి వచ్చి ఉండాలనీ అన్నాడు. అయితే అంతకు 19 ఏళ్ళ ముందే, 1767లో, పుదుచ్చేరిలో ఉన్న గాస్టన్ లోరాన్ కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదిరీ సంస్కృతానికీ లాటిన్‌కూ ఉన్న పోలికలను పారిస్ పండితులకు రాసి పంపాడు. తెలుగు నేర్చి, తెలుగు–ఫ్రెంచి నిఘంటువు మీద కూడా పనిచేసిన మనిషి ఆయన. ఆ రచన 1808 దాకా అచ్చుకు నోచుకోలేదు. అప్పటికి జోన్స్ పోయి 14 ఏళ్ళయింది, కీర్తి ఆయన పేరు మీద స్థిరపడిపోయింది. నన్నడిగితే, ఇద్దరూ చుట్టరికాన్ని పసిగట్టారే తప్ప నిరూపించలేదు. ఆ పని జర్మనీలో ఫ్రాంజ్ బాప్ 1816లో క్రియల చివర చేరే ప్రత్యయాలను వరసగా పోల్చడంతోనూ, డెన్మార్క్‌లో రాస్మస్ రాస్క్ 1818లోనూ, జర్మనీలోనే యాకబ్ గ్రిమ్ 1822లోనూ ధ్వనుల మార్పులకు క్రమం చూపించడంతోనూ మొదలైంది.

ఆ క్రమం అంటే ఏమిటో మీ కోడలి మాటల్లోనే కనిపిస్తుంది. మన పాలు ఆమెకు హాలు, పులి హులి, పువ్వు హూవు, పది హత్తు. మన తాడేపల్లిలోని పల్లి ఆమె ఊరివైపు హళ్ళి. ఒక్క మాటలో అయితే కాకతాళీయం అనుకోవచ్చు గాని, మాట మొదట్లో మనకు పకారం ఉన్నచోటల్లా వారికి హకారం వస్తూ ఉంటే దాన్ని అలా కొట్టిపారేయలేము. తమిళంలోనూ పాల్, పులి, పూ, పత్తు అనే అంటారు, పదో శతాబ్దపు పంపకవి నాటి కన్నడంలోనూ పకారమే ఉంది. కాబట్టి ఇక్కడ పాతధ్వనిని నిలుపుకొన్నది మనం, మార్చుకున్నది కన్నడం. ఇప్పుడు రెండో వరస చూడండి: కివి మనకు చెవి, కెరె చెరువు, కెడు చెడు. ఇకార ఎకారాల ముందు కకారం చకారంగా మారడం ప్రపంచమంతటా భాషల్లో కనిపించే మార్పే, చకారం కకారంగా మారడం మాత్రం అరుదు. కాబట్టి ఈ వరసలో మారింది తెలుగు, నిలుపుకొన్నది కన్నడం. ఒకచోట మనం పాతదనం కాపాడుకుంటే మరొకచోట వారు కాపాడుకున్నారు గనుక తెలుగు కన్నడానికి తల్లి కాజాలదు, కన్నడం తెలుగుకు తల్లి కాజాలదు. రెండూ అక్కచెల్లెళ్ళు; తల్లి రాతకు ఎక్కకముందే వెళ్ళిపోయింది.

ఇక సంస్కృతం మాట. విలియం కేరీ వంటి పండితులు దక్షిణాది భాషలు సంస్కృత జన్యాలేనని రాస్తున్న రోజుల్లో, మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ మాట తప్పని 1816లో అచ్చులో చూపించాడు. అదే ఏడు బాప్ పుస్తకం జర్మనీలో వెలువడిందన్నది గుర్తుంచుకోదగిన సంగతి. ఎల్లిస్ వాదం ఎక్కడ అచ్చయిందనుకున్నారు? క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు, సంస్కృతాలు చెప్పే పట్టాభిరామశాస్త్రి కూర్చి ఇచ్చిన తెలుగు ధాతువులను సంస్కృత ధాతువుల సరసన నిలబెట్టి, రెంటికీ పొత్తు లేదని చూపించాడు. ఆ తర్వాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పేర్చి, వాటికి ఎంత పొత్తు ఉందో చూపించాడు. తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు అనే విభజనకు బందరు వర్తకుడు మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ను ఆధారం చేసుకున్నాడు. తత్సమాలు ఎన్ని వచ్చి చేరినా అవి అరువు సరుకే గాని పుట్టు సొత్తు కాదన్నది ఆయన వాదంలోని కీలకం. కాల్డ్వెల్ అనే క్రైస్తవ మిషనరీ 1856లో పెద్ద గ్రంథం రాసి ఈ కుటుంబానికి ద్రావిడమన్న పేరు స్థిరపరిచిన తర్వాత జనం ఆయన పేరే చెబుతున్నారు. ఎల్లిస్‌ను, అంతకంటే ముఖ్యంగా ఆయన వెనుక ఉన్న మన పండితులను, తలచుకునేవారు తక్కువ.

ప్రశ్న: గ్రీకులు నీళ్ళను ‘నెరో’ అంటారనీ, మన ‘నీరు’ అదేననీ, అందువల్ల తెలుగుకూ గ్రీకుకూ రక్తసంబంధం ఉందనీ మా వాట్సాప్ బృందంలో ఒకరు పంపారు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నేటి గ్రీకులు నీళ్ళను నెరో అనడం నిజమేనండీ. కాని ప్రాచీన గ్రీకులో నీళ్ళకు మాట ‘హ్యుదోర్’. సంస్కృతంలోని ఉదకానికీ ఇంగ్లీషు వాటర్‌కూ చుట్టం అదీ. తాజా నీళ్ళు అనడానికి దాని ముందు ‘తాజా’ అనే అర్థమిచ్చే ‘నెఆరోన్’ అన్న విశేషణం చేర్చి వాడగా వాడగా, అసలు మాట జారిపోయి విశేషణమే నీళ్ళయి కూర్చుంది. మనం హోటల్లో కూర్చుని ‘ఒక స్ట్రాంగ్’ అంటే కాఫీ వచ్చినట్లన్నమాట. కనుక నెరోలో మొదట నీళ్ళే లేవు, కొత్తదనం ఉంది. మన నీరు తమిళంలో నీర్, కన్నడంలో నీరు. అది ఎప్పుడూ నీళ్ళే. చుట్టరికానికి సాక్ష్యం చెప్పవలసింది ఒకేలా వినబడే ఒంటరి మాట కాదు, తేడాలోనూ వరస తప్పని మాటల గుంపు. ఆ సందేశం పంపినవారిని నెరో లాంటి మాటలు మరో ఇరవై, ఒకే వరసలో నడిచేవి, చూపమని అడగండి.

ప్రశ్న: సంస్కృతంలో తకారం ఉన్నచోట జర్మానిక్ భాషల్లో (ఇంగ్లీషు, జర్మన్ల కుటుంబంలో) థకారం వంటి ఊష్మధ్వని, అంటే గాలి రాపిడితో పలికే ధ్వని, వస్తుందన్నది గ్రిమ్ సూత్రమని చదివాను. ‘భ్రాతృ’కు గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలో ‘బ్రోథర్’ సరిపోయింది గాని, ‘పితృ’కు ‘ఫదర్’ అని దకారం వచ్చింది. మినహాయింపులున్నది సూత్రమెలా అవుతుంది?
– ఎం.ఏ. విద్యార్థి, గుంటూరు

జవాబు: ఈ చిక్కు జర్మన్ పండితులను యాభై ఏళ్ళు వేధించింది. నేటి ఇంగ్లీషులో ఫాదర్, బ్రదర్ రెండూ ఒకేలా వినబడడం తర్వాత వచ్చిన మార్పు కాబట్టి ఇంగ్లీషును నమ్ముకోకుండా గోథిక్‌ను చూసి మీరు మంచి పని చేశారు. 1870లలో కార్ల్ వెర్నర్ అనే డేనిష్ పండితుడు జవాబును వేదస్వరంలో కనిపెట్టాడు. మీకు తెలిసిన వేదపండితులెవరైనా ఉంటే ‘పితా’, ‘భ్రాతా’ అన్న రెండు మాటలను స్వరంతో పలకమనండి. మొదటిదానిలో ఉదాత్తం, అంటే హెచ్చు స్వరం, ‘తా’ మీద పడుతుంది, రెండోదానిలో ‘భ్రా’ మీద. తకారానికి సరిగ్గా ముందున్న అచ్చు మీద ఉదాత్తం ఉంటే, ఆ తకారం మారి వచ్చిన థకారం థకారంగానే నిలిచింది, లేకపోతే కంఠనాదం చేరి దకారమైంది. మూలభాష నాటి ఆ స్వరాన్ని వేదం నిలుపుకొంది; జర్మానిక్ భాషల్లో అది చెరిగిపోయింది, ఫలితం మాత్రం హల్లులో మిగిలిపోయింది.