అమ్మ సర్దిన మిక్సీ, ఫారం ఒప్పుకోని పేరు: జపాన్ విద్యార్థుల టెక్ సందేహాలు

ప్రశ్న: మాస్టర్స్ చదవడానికి టోక్యో వెళ్తున్నాను. అమ్మ మా 750 వాట్ల మిక్సీని సూట్‌కేసులో సర్దేసింది. ప్లగ్ అడాప్టర్ కొంటే చాలా సార్? (గుంటూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: చాలదు. అడాప్టర్‌తో పిన్నుల ఆకారం మారుతుంది గానీ వోల్టేజీ మారదు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, జపాన్‌లో 100. మీ మిక్సీ అక్కడ ఈసురోమంటూ తిరుగుతుంది. నానిన మినప్పప్పు వేశారంటే బ్లేడు ఆగిపోయి, మోటారు వేడెక్కి కమురు వాసన వస్తుంది. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్లు దొరుకుతాయి. కానీ మోటారు మొదలయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి 1000 వాట్లకు పైబడినదే కావాలి. అది కిలోల కొద్దీ బరువు, ధరా ఎక్కువే. దానికి బదులు మన కంపెనీలు అమెరికా కోసం చేసే 110 వోల్టుల మిక్సీ తీసుకెళ్లండి. కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, అంతే. దాని ప్లగ్‌కు మూడు పిన్నులుంటే అక్కడి రెండు రంధ్రాల సాకెట్‌కు సరిపోయే అడాప్టర్ విడిగా కొనాలి.

రైస్ కుక్కర్ అసలే వద్దు. ఆ వోల్టేజీకి వేడి ఐదో వంతుకు పడిపోతుంది, అన్నం ఉడకదు. ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్లకు టెన్షన్ అక్కర్లేదు. వాటి మీద సన్నటి అక్షరాల్లో ‘ఇన్‌పుట్ 100–240’ అని ఉందో లేదో చూసుకోండి, చాలు.

ఇంకో సంగతి. టోక్యో వైపు కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. మెయిజీ చక్రవర్తి కాలంలో (1868–1912) టోక్యోకు జర్మనీ జనరేటర్లు, ఒసాకాకు అమెరికా జనరేటర్లు వచ్చాయి. ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. మిక్సీకి దీంతో పని లేదు. కానీ చదువైపోయి వెళ్లిపోయే సీనియర్ల దగ్గర పాత మైక్రోవేవ్ కొనేటప్పుడు వెనక స్టిక్కర్ తప్పక చూడండి. అక్కడ 50 ఒక్కటే ఉంటే దాన్ని ఒసాకాలో వాడకూడదు.

ప్రశ్న: ఆన్‌లైన్ ఫారంలో పేరు ఎన్నిసార్లు కొట్టినా ఎర్ర అక్షరాల్లో తప్పు అంటోంది. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. ఏడుపొస్తోంది సార్. (ఫుకుఓకా నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: మీ తప్పేమీ లేదమ్మా. జపనీస్ కంప్యూటర్లలో ఒకే అక్షరానికి రెండు రూపాలుంటాయి. గడి నిండా ఉండేది జెన్‌కాకు, సగం గడిలో ఇమిడేది హన్‌కాకు. మన కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. ఫారంలో గడి పక్కన ఏది రాసి ఉందో చూడండి. విండోస్ జపనీస్ కీబోర్డులో పేరు టైప్ చేసి, ఎంటర్ నొక్కకముందే ఎఫ్7 నొక్కితే నిండు కతకానా (విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి), ఎఫ్8 నొక్కితే సగం కతకానా వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలైతే నిండువాటికి ఎఫ్9, సగంవాటికి ఎఫ్10. చిరునామాలో అంకెల మధ్య గీతకూ ఇదే తంటా, దాన్ని కూడా మార్చి చూడండి.

మన పేర్లతో ఇంకో చిక్కుంది. కతకానాలో ‘ల’కూ ‘ర’కూ ఒకే అక్షరం. ‘వెంకట’ను ఒకరు ‘వెంకటా’ అని, ఇంకొకరు ‘బెంకటా’ అని రాస్తారు. బ్యాంకులో ఒకలా, పార్ట్‌టైమ్ కొలువులో ఇంకోలా ఇచ్చారంటే జీతం ఖాతాలో పడకుండా వెనక్కి పోవచ్చు. బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్న కతకానా పేరును ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ప్రతిచోటా అచ్చం అదే రాయండి.

ప్రశ్న: ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో రైలు, బస్సు ఛార్జీలకు వాడే సుయికా కార్డు పెట్టుకోవచ్చా? (యోకొహామా నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కుదరదు. మీ ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ (తాకించి డబ్బు కట్టే సౌకర్యం) ఉన్నా, సుయికాకు కావాల్సిన ఫెలికా అనే జపాన్ రకం సౌకర్యం మన దేశంలో అమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండదు. ఐఫోన్ 8, ఆ తర్వాతివైతే ఏ దేశంలో కొన్నా పనిచేస్తాయి. దీని కోసం కొత్త ఫోన్ కొనకండి. స్టేషన్‌లో 500 యెన్‌లు డిపాజిట్ కట్టి మామూలు కార్డు తీసుకోండి. చదువు ముగించుకుని వచ్చేసేటప్పుడు సుయికా ఇచ్చే జేఆర్ ఈస్ట్ రైల్వే కంపెనీ స్టేషన్‌లోనే కార్డు ఇచ్చేస్తే డిపాజిట్ తిరిగి మీ చేతిలో పెడతారు.