ఆకారం, చాటు, అలికిడి: గేమ్ నడిపే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మీరు ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ప్లేయర్ల పాత్రల జట్టుతో ఓగ్ర్ ఒకడు, అంటే తొమ్మిదడుగుల భారీ రాకాసి, కలిశాడనీ, వాణ్ణి వెంటేసుకుని కోటలోకి దొంగచాటుగా దూరతామని ప్లేయర్లు పట్టుబడుతున్నారనీ రాశావు. వాడి స్టెల్త్ రోల్‌లో, అంటే కంటపడకుండా దాగడానికి వేసే డైస్‌లో, ఎంత తగ్గించాలని అడిగావు. తగ్గించే ముందు వాడు దేని చాటున ఉన్నాడో చూడాలి. ఆకారం తేలేది అక్కడే.

నీ చేతిలో ఉన్నది ఏ ఎడిషనో సరిచూసుకో, ఒకదాని లెక్క ఇంకోదానికి అతకదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో 2003 నాటి 3.5 ఎడిషన్ దాక్కోవడానికి సైజును బట్టి నేరుగా అంకె కట్టింది. మనిషిది మీడియం, సున్నా. ఒక్కో మెట్టు దిగితే 4 కలుస్తుంది, ఎక్కితే 4 పోతుంది. అంటే స్మాల్‌కి +4, టైనీకి +8, లార్జ్‌కి −4, హ్యూజ్‌కి −8. ఈ కొసన ఫైన్‌కి +16, ఆ కొసన కొలోసల్‌కి −16. రెండు కొసల మధ్య తేడా 32, ఇరవై ముఖాల డైస్ తేగలిగే తేడా 19. అందుకే ఆ కొసల దగ్గర డైస్‌కి పెద్దగా పని ఉండదు. అదే దారిలో వచ్చిన మరో గేమ్ పాత్‌ఫైండర్, దాని 2009 నాటి మొదటి ఎడిషన్‌లోనూ ఇవే అంకెలు. 2014 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో, 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో స్టెల్త్‌కి సైజు అంకె లేదు.

3.5లో ఓగ్ర్ లార్జ్, ఆ −4 చూసి వాణ్ణి వదులుకోకు. అక్కడ దూరం కూడా లెక్కే: చూసేవాడికి ప్రతి 10 అడుగులకూ 1 తగ్గుతుంది. కవచం విప్పేసిన ఓగ్ర్‌కి డెక్స్టరిటీ (చురుకుదనం) −1, సైజు −4, మొత్తం −5. కాపలావాడి స్పాట్ (చూసి పసిగట్టే నేర్పు) +2 అనుకో. 60 అడుగుల దూరంలో అది −4 అవుతుంది, ఇద్దరూ దాదాపు సమానం. అదే 20 అడుగులకొస్తే కాపలావాడిది 0, ఓగ్ర్‌ది −5 దగ్గరే ఉంది. కాబట్టి వాడు పొదల వెనకనుంచి దూరంగా చుట్టి రావాలి. అదీ తన వేగంలో సగానికి మించకుండా. మించితే మరో 5 పోతుంది, పరుగెత్తితే 20.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఆకారం కంటికి సంబంధించింది, అలికిడి చెవికి సంబంధించింది. 3.5లో ఇవి రెండు వేరే స్కిల్స్, సైజు అంకె దాక్కోవడానికే, చప్పుడు లేకుండా నడవడానికి కాదు. పాత్‌ఫైండర్ రెండిటినీ స్టెల్త్ అని కలిపేసరికి పెద్ద ప్రాణి నడక కూడా మోటుదైపోయింది. పులిని చూడు. 3.5లో అది లార్జ్, −4 తప్పదు. కానీ ఎత్తైన గడ్డిలో దాక్కుంటే దానికి జాతి లక్షణంగా +8 వస్తుంది, అంటే మనిషి కంటే మెరుగు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లోనూ పులి లార్జే, స్టెల్త్ +6. పెద్దదైతే చప్పుడు చేస్తుందని నువ్వు సొంతంగా అంకె తగ్గించకు.

ఐదో ఎడిషన్‌లో పని నీ మీద పడుతుంది. 2024 సవరణలో హైడ్ చేయాలంటే దట్టమైన మరుగు గానీ, కనీసం ఒంట్లో ముప్పాతిక భాగాన్ని కప్పే చాటు (కవర్) గానీ ఉండాలి, ఏ శత్రువు కంటికీ ఎదురుగా ఉండకూడదు, ఆపైన స్టెల్త్ రోల్ కనీసం 15 రావాలి. ఇందులోనే సైజు దాగి ఉంది. నాలుగడుగుల పిట్టగోడ వెనక హాఫ్లింగ్ (మూడడుగుల పొట్టి జాతి) నిలబడినా మాయం. మనిషి గొంతుక్కూర్చోవాలి. తొమ్మిదడుగుల ఓగ్ర్ వంగినా వీపు పైకి తేలుతుంది, బోర్లా పడుకోవాల్సిందే. పడుకుని పాకితే అడుగుకి రెండడుగుల ఖర్చు. ఇదంతా చెప్పాక మళ్లీ రోల్‌లో డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) వేయకు, ఒకే తప్పుకి రెండుసార్లు శిక్ష అవుతుంది. చాటు చాలకపోతే అసలు రోల్ అడగకు. అడిగితే 20 పడుతుంది, అప్పుడు బండి చక్రం వెనక ఓగ్ర్ ఎలా మాయమయ్యాడో నువ్వు చెప్పుకోవాల్సి వస్తుంది.

హాఫ్లింగ్‌ల సంగతి వేరు. 2014లో లైట్‌ఫుట్ రకానికి, 2024లో అందరికీ, తమకంటే ఒక మెట్టైనా పెద్ద ప్రాణి వెనక దాక్కునే వీలుంది. అంటే మీ ఓగ్ర్ వాళ్లకు నడిచే గోడ! ఐతే ఆ గోడ పక్కకు జరిగిన క్షణమే చాటు పోతుంది. ప్రతి టర్న్‌లో ఎవరెక్కడ నిలబడ్డారో అడుగుతూ ఉండు.

అందరూ కలిసి వెళ్తే గ్రూప్ చెక్‌లో సగంమంది గెలిస్తే అందరూ గట్టెక్కినట్టే. నలుగురిలో ఇద్దరు చాలు. నా మాట వింటే, ఓగ్ర్‌కి చాటున్న చోటే గ్రూప్ చెక్ పెట్టు. నున్నటి రాతి వసారాలో వాణ్ణి మిగతావాళ్లు మోసుకెళ్లలేరు.

ఇక చిన్న ప్రాణులు. మంత్రగాడి వెంట ఉండే చిట్టి ప్రాణి, అదే టైనీ ఫెమిలియర్‌ని పంపి కోటంతా చూసేద్దామంటారు. పంపనీ. కానీ మూసిన తలుపు దానికి గోడతో సమానం. వాసన పట్టే కుక్కకి సైజుతో పని లేదు. నేల అదురుని పసిగట్టే ట్రెమర్‌సెన్స్ ఉన్నదానికి ఫెమిలియర్ నేలని తాకితే చాలు, బ్లైండ్‌సైట్ ఉన్నదానికి కళ్లే అక్కర్లేదు. కాపలాలో ఇలాంటిది ఒకటుంటే సరిపోతుంది, అన్ని గదుల్లోనూ పెడితే ఆ ప్లేయర్ మీద కక్ష కట్టినట్టుంటుంది.

ఒంటిని పెంచే, కుదించే ఎన్‌లార్జ్/రెడ్యూస్ మంత్రం వాడితే బరువు కూడా చూసుకో. పెరిగితే ఎనిమిది రెట్లు, తగ్గితే ఎనిమిదో వంతు, ఒక్క నిమిషమే. పాత చెక్క మేడమీద పెరిగితే పలకలు చెప్పేస్తాయి. తగ్గించి మీడియం చేసిన ఓగ్ర్ మాత్రం ఆ నిమిషంలో మామూలు తలుపులోంచి హాయిగా దూరతాడు. 2014 రూల్స్‌లో మంత్రం లేకపోయినా ఒక మెట్టు చిన్న సందులో ఇరుక్కుని పోవచ్చు, నెమ్మదిగా. అక్కడ దాడి జరిగితే మాత్రం చిక్కే.

సెషన్‌కి ముందు మ్యాప్ మీద ప్రతి చాటు పక్కన దాని ఎత్తు రాసిపెట్టుకో: పిట్టగోడ 4, పొద 6, గడ్డివామి 10. ఆ గడ్డివామి ఎక్కడుందో ఓగ్ర్ ప్లేయర్‌కి కనపడేలా ఉంచు.

ఆశీస్సులతో,
బాబాయి