మీ గుంతలోని అజొల్లా, ధ్రువం కింది మట్టి

ప్రశ్న: గేదెల కోసం పెరట్లో టార్పాలిన్ పరిచి, నీటి మీద తేలే అజొల్లా మొక్కను పెంచుతున్నాం. ఒకప్పుడు ఇది ఉత్తర ధ్రువం దగ్గర సముద్రంలో పెరిగిందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? అంత పాత సంగతి ఎలా తెలిసింది?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: నిజమేనమ్మా. 2004లో ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, లోమొనోసోవ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీద బోరు దించారు. తవ్వే ఓడ విదార్ వైకింగ్ ఉన్నచోటి నుంచి కదలకూడదు. మంచు పలకలేమో ఆగకుండా తోసుకొస్తాయి. అందుకని రష్యా అణు ఓడ సోవియెత్‌స్కీ సోయుజ్, స్వీడన్ ఓడ ఓడెన్ ఎదురు వెళ్లి వాటిని ముందే ముక్కలు చేస్తూ ఉండేవి. అలా కిలోమీటరుకు పైగా నీళ్లు దాటి, అడుగు మట్టిలోకి 428 మీటర్లు దిగారు.

మన పొలంలో బోరు వేస్తే రాయి పిండై పైకి వస్తుంది. ఇక్కడ మట్టి ఉన్నది ఉన్నట్టు, పొర మీద పొరగా గొట్టంలో వస్తుంది. దాన్ని కోర్ అంటాం. ఉద్యోగంలో ఉండగా నేను బంగాళాఖాతం కోర్ల మీద పనిచేశాను. గొట్టాన్ని నిలువునా చీల్చి ఒక సగం భద్రపరుస్తాం, రెండో సగం మీద పరీక్షలు చేస్తాం. గాజుపలకతో పైన అలుముకున్న బురద గీకగానే పొరలు తేటపడతాయి. ఆ చూపు కోసం ఎన్ని రాత్రులైనా మేలుకోవచ్చు.

ధ్రువపు కోర్‌లో దాదాపు 4.9 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో అజొల్లా సిద్ధబీజాలు (విత్తనాలకు బదులు ఈ మొక్కకు ఉండే సూక్ష్మ బీజాలు; చిన్నవి, పెద్దవి అని రెండు రకాలు) కిక్కిరిసి ఉన్నాయి. నదులు మోసుకొచ్చి పడేశాయేమో? ఆ అనుమానం రావాల్సిందే. కానీ చిన్న బీజాల ముద్దలు పెద్ద బీజాలను ఇంకా అంటిపెట్టుకునే ఉన్నాయి. దూరం నుంచి దొర్లి వస్తే ఆ జతలు చెదిరిపోయేవి. మొక్క అక్కడే పెరిగి, అక్కడే మునిగిందన్నమాట. ఉప్పు ఎక్కువైతే అజొల్లా బతకదు కదా! ఆనాటి ఆర్కిటిక్ చుట్టూ దాదాపుగా నేలే. వానల నీరు, నదుల నీరు ఉప్పునీటి మీద తేలి నిలిచేవి. సుమారు 8 లక్షల ఏళ్ల పాటు ఈ మొక్క అక్కడ మళ్లీ మళ్లీ పరుచుకుంది. అజొల్లా పొరలకు పైన, అంటే తర్వాతి కాలపు పొరల్లో గులకరాళ్లు కనిపిస్తాయి. నడిసముద్రంలోకి రాళ్లను మోసుకొచ్చి జారవిడిచేది తేలే మంచే. అంటే ఆ తర్వాత అక్కడ మంచు వచ్చిందన్నమాట.

చలికాలంలో మీ గుంతలోని మొక్కను తిరగేసి భూతద్దంతో చూడండి. ఆకుల అడుగున జంటగా చిన్న కాయలు కనిపించవచ్చు. ధ్రువపు మట్టిలో దొరికిన బీజాలు అలాంటి కాయల్లో తయారైనవే.