డైట్ చార్ట్ పక్కన పెట్టి సరుకుల చీటీ తీయండి

ప్రశ్న: మాది తెనాలి మేడమ్. ఇంట్లో నలుగురం, శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. మావారికి 46 ఏళ్లు, బరువు 84 కిలోలు. మొన్న పరగడుపున చేయించిన పరీక్షలో షుగర్ 116 వచ్చింది. మందులేం రాయలేదు, తిండి మార్చుకోమన్నారంతే. అప్పట్నుంచి రోజుకో డైట్. ఆడపడుచు అన్నం పూర్తిగా మానెయ్యమంటుంది, పక్కింటావిడ కొర్రలు, సామలు అంటుంది, ఇంటర్ చదివే మా అబ్బాయేమో ఫోన్లో చూసి పదహారు గంటల ఉపవాసం అంటాడు. 70 ఏళ్ల అత్తగారికి బీపీ. పూటకు మూడు రకాల వంటలు నావల్ల కావట్లేదు. ఏ డైట్ ప్లాన్ మంచిది? ఖర్చు మాత్రం పెరగకూడదు, ఇప్పటికే నెలకు 26 కిలోల బియ్యం బస్తా, గోధుమపిండి 5 కిలోలు, రవ్వలు 4, పప్పులన్నీ కలిపి 4 కిలోలు, నూనె 6 లీటర్లు అవుతున్నాయి.

జవాబు: ఖర్చు గురించి రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యంలోనే మీకు కావలసిన జవాబంతా ఉందమ్మా.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి వండకముందు తూకం ప్రకారం ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు (మాంసాహారులకైతే గుడ్లు, మాంసం కలిపి) 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, నూనె 27 గ్రాములు, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు అని లెక్క. పండ్లు, గింజలు వేరే. దీన్ని నలుగురికి, ముప్పై రోజులకు గుణించి మీ చీటీ పక్కన పెట్టాను. ముసలావిడ కాస్త తక్కువ, కుర్రాడు కాస్త ఎక్కువ తింటారు, సరిపోతుంది.

ధాన్యాలు 30 కిలోలు చాలు, మీ ఇంట్లో 35. ఐదు కిలోలే ఎక్కువ, ఈ మాత్రానికి అన్నం పూర్తిగా మానెయ్యడం దేనికి? పప్పులు పది కిలోలు ఉండాలి, మీరు తెచ్చేది నాలుగు, అందులోనూ ఇడ్లీకి, తాలింపుకి పోయేది పోగా నలుగురికీ గుప్పెడు కందిపప్పుతో పప్పుచారు కాస్తున్నారని నా అనుమానం. నూనె మూడున్నర లీటర్లు దాటకూడదు, మీది ఆరు! బయట తినే బజ్జీలు ఇందులో లేవు కూడా. అందరూ కలిసి బియ్యం బస్తా మీద పడ్డారు గానీ అసలు దొంగ నూనె డబ్బాలో ఉన్నాడు.

కాబట్టి ఆ రెండున్నర లీటర్ల నూనె డబ్బూ, ఐదు కిలోల బియ్యం డబ్బూ పెసలు, శనగలు, అలసందలకు మళ్లించండి, కొత్త ఖర్చు పెద్దగా ఉండదు. వారంలో మూడు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు, సాయంత్రం జంతికల డబ్బా తీయకుండా గుగ్గిళ్లు, పప్పు గరిటె జారుగా కాకుండా ముద్దగా. మీవారికి మొదట కంచం సగం కూర వడ్డించి ఆ తర్వాతే అన్నం పెట్టండి, మామూలుగా మనం చేసేది దీనికి తలకిందులు. నలుగురికి రోజుకు కిలోన్నర పైనే కూరగాయలు తరగాలి, అది మీ ఒక్కరి పని కాదు, ఉపవాసం సలహా ఇచ్చిన అబ్బాయికి కత్తిపీట ఇవ్వండి.

కొర్రలు మంచివే, పీచు ఎక్కువ. కానీ వాటిలోనూ 100 గ్రాములకు 60 గ్రాములు పిండిపదార్థమే, అవీ ఆ 250 గ్రాముల్లోకే వస్తాయి, అన్నం తిన్నాక అదనంగా కాదు. ఉపవాసం ఎదిగే పిల్లాడికి, పెద్దావిడకి వద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లయితే డాక్టర్‌ను అడక్కుండా పూట మానితే షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చు, ఎవరైనా చుట్టాలు మీ చార్ట్ కాపీ కొడితే ఈ మాట చెప్పండి.

అత్తగారి సంగతి ఉప్పు దగ్గర చూడాలి. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు, ఆవకాయలోదీ అప్పడాల్లోదీ కలిపి. గుంటూరు జిల్లా వాళ్లను ఊరగాయ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, రోజుకు ఒక్క పూట, అదీ బద్ద లేకుండా కాస్త పిండి మాత్రమే అనండి. 116 అంటే షుగర్ వ్యాధి ఇంకా రాలేదు, దాని ముందు దశ. మీవారు రోజూ అరగంట నడుస్తూ, ఈ చీటీతో మూడు నెలలు నడిపి, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించి ఆ అంకె నాకు రాయండి.