కేంద్రంలో ముల్లు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. పెళ్లింట్లో వంటవాళ్ల గొడవ కళ్లకు కట్టింది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను: ‘అమ్మ మా ఇంటికి కేంద్రబిందువు.’ ఈ మాట అందరం రాస్తాం, నేనూ చాలాసార్లు రాశాను. ఆ మాటలో ఏముందో తెలిశాక అంత తేలిగ్గా రాయలేకపోతున్నాను.

కేంద్రం మనకు సంస్కృతం నుంచి వచ్చింది గానీ, పుట్టిల్లు గ్రీకు. అక్కడ ‘కెంట్రాన్’ అంటే పొడిచే మొన. ఎద్దుల్ని తోలే ముల్లుగర్రకీ అదే పేరు. మా తాత దగ్గర అలాంటిదొకటి ఉండేది, కర్ర కొసన సన్నటి మేకు. ఎద్దు మొరాయిస్తే తొడ మీద ఒక్కసారి ఆనించేవాడు, అంతే. వృత్తం గీయడానికి గుచ్చి నిలిపే మొననూ, అది గుచ్చుకున్న చోటునూ గ్రీకులు ఆ పేరుతోనే పిలిచారు.

నీ పాత జామెట్రీ బాక్సులో కంపాస్ ఉంటే తీసి చూడు. పెన్సిల్ కాలు హాయిగా చుట్టూ తిరిగొస్తుంది. ముల్లు కాలు ఉన్నచోటే ఉండాలి, జారిందా వృత్తం పోయినట్టే. గట్టిగా నొక్కితే కింది పేజీకీ చిల్లు పడుతుంది.

ఈ మాట మన దేశంలోకి గ్రీకుల జ్యోతిషంతో వచ్చింది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడి జ్యోతిష గ్రంథం బృహజ్జాతకంలో జాతకచక్రంలోని స్థానాలకు వాడిన కేంద్రం, పణపరం, ఆపోక్లిమం మూడూ గ్రీకు మాటలే. జాతకాలు చూసేవాళ్లు ఇప్పటికీ 1, 4, 7, 10 స్థానాలను కేంద్రాలంటారు. అదే కెంట్రాన్ లాటిన్, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులో సెంటర్ అయి, మళ్లీ మన దగ్గరికే చేరింది. జిల్లా కేంద్రంలో బస్సు దిగి సెంటర్‌కి ఆటో ఎక్కామంటే అక్కాచెల్లెళ్లిద్దర్నీ ఒకేసారి పలకరించినట్టే! అన్నట్టు, నీ కథ జరిగేది హనుమకొండలో కదా, ఆ కుర్రాడు ‘సెంటర్లో కలుద్దాం’ అంటాడేమిటి? గుంటూరు వాడైతే లాడ్జి సెంటర్ అంటాడు, విశాఖ వాడైతే జంక్షన్ అంటాడు. హనుమకొండలో చౌరస్తా అనాలి. అది మార్చు.

ఇక అమ్మ సంగతి. ఈ పుట్టుపూర్వోత్తరాలన్నీ కథలో పెట్టమనడం లేదు, పెడితే కథ చెడుతుంది. కానీ కేంద్రం అని రాసే ముందు ఆ ముల్లు ఎక్కడ దిగిందో నువ్వు చూసి ఉండాలి. ఇల్లంతా ఆమె చుట్టూ తిరిగిందన్నావు. ఆమె కదలకుండా నిలబడ్డందుకు ఏం పోగొట్టుకుంది? మూడో పేజీలో ఒక్క ముక్క అని వదిలేశావు, చెల్లెలి పెళ్లికి కూడా పుట్టింటికి వెళ్లలేకపోయిందని. కథ అక్కడుంది. ఆ రోజు తెల్లవారుజామున ఆమె వంటింట్లో ఏం చేస్తోందో, బస్సు టైము దాటిపోయాక గడియారం వైపు ఎన్నిసార్లు చూసిందో రాయి. కేంద్రబిందువు వాక్యం కొట్టేసి, ఆ పేజీ ఒక్కటీ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు