పెదవి మీద పొక్కులకు టీకా ఉందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండేళ్లుగా కింది పెదవి మీద ఒకే చోట నీటి పొక్కులు లేస్తున్నాయి. పోయినేడు ఏడుసార్లు వచ్చాయి. జాజుతో అక్కి కూడా రాయించాను. రక్తపరీక్షలో హెర్పిస్ ఐజీజీ పాజిటివ్ వచ్చింది. టీకా వేయించుకుంటే మళ్లీ రాదంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదు. ఈ పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్‌కు ఆమోదం పొందిన టీకా ఇంకా లేదు. మీకు చెప్పినవాళ్లు షింగ్రిక్స్ గురించి విని ఉంటారు. అది నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలా లేచే అక్కికి వేసేది. ఆ వైరస్ వేరు, ఆటలమ్మను తెచ్చేదే. మనం రెంటినీ అక్కి అనే అంటాం, తికమకంతా అక్కడే.

ఐజీజీ పాజిటివ్ అంటే మీ రక్తంలో యాంటీబాడీలు ఇప్పటికే ఉన్నాయని. మరి ఏడుసార్లు ఎందుకొచ్చింది? వైరస్ రక్తంలో ఉండదు, పుర్రె అడుగున నరాల ముడిలో నక్కి ఉంటుంది. దాన్ని అక్కడ అణచిపెట్టేది ముఖ్యంగా టీ కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. జ్వరమో, పత్తి చేలో ఎండ దెబ్బో, నిద్రలేమో తగిలి ఆ పట్టు సడలితే అదే నరం వెంట అదే చోటికి దిగుతుంది. అందుకే యాంటీబాడీలు పెంచితే చాలదు. 8 వేల మందికి పైగా మహిళల మీద జరిపి 2012లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో కూడా టీకా టైప్ 2 హెర్పిస్‌ను, అంటే ఎక్కువగా జననాంగాల దగ్గర వచ్చే రకాన్ని, ఆపలేకపోయింది.

ఒకప్పుడు మశూచి టీకాను పదేపదే వేసి చూశారు. కొందరికి తగ్గింది, ఉత్తుత్తి సూది వేసినవాళ్లకూ అలాగే తగ్గింది! జాజు సంగతీ అంతే. పొక్కు వారం పది రోజుల్లో దానంతటదే మాడుతుంది, పేరు జాజుకు వస్తుంది. పచ్చి పుండు మీద మాత్రం పూయించకండి, చీము పడుతుంది.

మీకు పనికొచ్చేది ఈ వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ మాత్ర. పొక్కు లేచాక కాదు, పెదవి చిమచిమలాడిన ఆ పూటే మొదలుపెట్టాలి. ఏడాదికి ఆరుసార్లు దాటింది కాబట్టి రోజూ 400 మిల్లీగ్రాములు రెండు పూటలా కొన్ని నెలలు వాడే పద్ధతి గురించి చర్మవైద్యుణ్ని అడగండి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి, మోతాదు మారుతుంది. చేనుకు పోయేటప్పుడు తలపాగా కొంగు పెదవుల మీదికి లాక్కోండి. పుండు పచ్చిగా ఉన్నన్నాళ్లు పసిపిల్లలను ముద్దాడొద్దు. ఈ వైరస్ కంటికీ సోకవచ్చు. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే మాత్రం షాపులో చుక్కల మందు కొనకండి, స్టెరాయిడ్ ఉంటే చూపు పోవచ్చు. అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.