గురి మారిపోతోంది, తప్పు స్కోప్‌దా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. సీజెడ్ 457, .22 ఎల్‌ఆర్ (చిన్న తూటా) రైఫిల్‌కి పాత డీర్ రైఫిల్ మీది 3-9x40 స్కోప్ (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మి.మీ. అద్దం) బిగించాను. 50 గజాల దగ్గర తల కాస్త కదిపితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జరుగుతోంది. నాలుగైదు డబ్బాలు కాల్చేసరికి గురి కూడా తప్పుతోంది. స్కోప్ మార్చాలా?

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులండీ. మొదటిది పారలాక్స్, అంటే కన్ను కదిలితే క్రాస్‌హెయిర్ జరిగినట్టు కనిపించడం. డీర్ స్కోపులను సాధారణంగా 100 గజాలకో, ఆ పైనో సెట్ చేస్తారు; రిమ్‌ఫైర్ (.22 లాంటి తూటాల) స్కోపులను 50-60 గజాలకు. పక్కన ఫోకస్ నాబ్ ఉంటే తిప్పి సరిచేసుకోవచ్చు. లేకపోతే రిమ్‌ఫైర్ స్కోపే కొనండి. 2-7x32 చాలు, పెద్ద అద్దం ఇక్కడ దండగ.

రెండోది రింగుల పని, అంటే స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపులు. ఈ రైఫిల్ మీద ఉన్నది 11 మి.మీ. డవ్‌టెయిల్ (ఏటవాలు అంచుల) గాడి. వీవర్ రింగులు (వేరే రకం, వెడల్పు పట్టాకు చేసినవి) అందులో సరిగ్గా కూర్చోవు, మెల్లగా జారతాయి. జారితే గాడి మీద మెరిసే గీత కనిపిస్తుంది, చూడండి.

ముందు తుపాకీ ఖాళీ చేయండి. గాడి, స్క్రూల నూనె తుడిచేయండి. లెన్స్ బ్యారెల్‌ని తగలనంత వరకు పొట్టి రింగులే మేలు. ఎక్కువ జూమ్‌లో, చెంప ఆనించి, అంచున నల్లనీడ పోయేదాకా స్కోప్ ముందుకీ వెనక్కీ జరపండి. రింగుల పై స్క్రూలు ఐమూలగా, కొంచెం కొంచెంగా 15-18 ఇంచ్-పౌండ్లకు (బిగింపు బలం కొలత) బిగించండి. తయారీదారు వేరే అంకె ఇస్తే అదే ఖాయం. అతిగా బిగిస్తే స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోతుంది.

తర్వాత 25 గజాల్లో మొదలుపెట్టండి. గురి సరిచేసే నాబ్ పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్ అక్కడ అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది, అంటే అంగుళానికి 16 క్లిక్కులు.